సగం ముద్ర

కవరు బాగానే ఉంది. అంచుల చుట్టూ నీలం సిరాతో గీసిన తీగ, తీగ మీద గోరంత పిట్టలు, చిరునామా కింద గీతకు బదులు ఒక పొడవాటి రైలు, అన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. లేనిది స్టాంపు. కుడివైపు పైమూల తెల్లగా బోసిగా ఉంది. ఆ ఖాళీ అంచున పోస్టాఫీసు వేసిన గుండ్రటి నల్లముద్ర సగమే మిగిలింది. మిగతా సగం స్టాంపుతో పాటే పోయింది.

"ఎవడో పీకేశాడు," అంది కాజాల అక్క. అని, కవరు తిరగేసి చూసింది. వెలుతురుకి పెట్టి చూసి మళ్లీ తిరగేసింది. తిరగేస్తే స్టాంపు మొలుస్తుందా? అయినా మూడోసారి తిరగేసింది.

ఆ టైలరింగు షాపులో ఆమె పని చేత్తో కాజాలు కుట్టడం. పన్నెండేళ్లుగా వేరే పని ముట్టుకోలేదు కాబట్టి అదే పేరైపోయింది. కటింగు బల్ల దగ్గర నిలబడ్డ మాస్టారు, షాపు ఆయనదే, కత్తెర ఆపకుండా అన్నాడు.

"కవరొచ్చిందిగా అమ్మా. స్టాంపు పోతే పోయింది."

"కోటు కుట్టి, ఒక చెయ్యి పెట్టకుండా ఇస్తే పోతే పోయిందంటాడా మాస్టారూ మీ కస్టమరు?"

మాస్టారి కత్తెర ఆగింది. అప్పుడు ఆమె, ఇదివరకు నాలుగేళ్లుగా చెప్పినదే మళ్లీ చెప్పుకొచ్చింది. ఏటా పండగ రోజులకు పోస్టాఫీసువాళ్లు నాలుగు రకాల స్టాంపులు వేస్తారు. ఈ ఊరికి రెండు రకాలే వస్తాయి. మిగతా రెండూ, ఈ కవర్లు పంపే 'నీలం సిరా' ఉండే ఊరికి వెళ్తాయి. ఈమె తన రెండు రకాలూ రెండేసి కొని, ఒక్కోటి దాచుకుని, మిగిలిన రెండూ రెండు కవర్ల మీద అంటించి పంపుతుంది, అక్కణ్ణుంచి ఆ రెండూ రెండు కవర్ల మీద వస్తాయి. అప్పుడు ఇద్దరికీ నాలుగేసి. మొదటి రోజు మధ్యాహ్నానికే అమ్ముడైపోతాయి కాబట్టి ఒకటి పోతే మళ్లీ దొరకదు. ఒకటి పోతే సెట్టు పోయినట్టే.

నీలం సిరా ఎవరో షాపులో ఎవరికీ తెలియదు. ఆమెకూ తెలియదు. మగో ఆడో, పెద్దో చిన్నో అడగలేదు, అవతలివాళ్లూ అడగలేదు. కవర్లో ఉత్తరం ఉండకూడదని ఒప్పందం. అందం అంతా పైనే. చెప్పక తప్పని మాటేదైనా ఉంటే మూత లోపలివైపు ఒకటి రెండు ముక్కలు రాసుకోవడం, అంతే. ఆ మూతను చింపడం మహాపాపం. ఇంటికి పట్టుకెళ్లి, నీళ్లు మరిగించి, ఆవిరి మీద పెట్టి నెమ్మదిగా విప్పాలి.

"ఎవడో ఏంటక్కా, ఎవడో!" ఓవర్‌లాక్ మిషను మీద నుంచి రేడియో అందుకుంది. పొద్దున్న మిషను మొదలైనప్పుడు నోరు మొదలై, మిషను ఆగినా నోరు ఆగదు కాబట్టి ఆ పిల్లకు ఆ పేరు. "ముద్ర సగం కవరు మీదే ఉందంటే, ముద్ర వేసినప్పుడు స్టాంపు ఉన్నట్టే కదా! అంటే దార్లో పోయింది. దార్లో పట్టుకొచ్చింది ఎవరు? గంటాయన. ఇందులో లెక్కలెందుకు?"

గంటాయన అంటే పోస్టుమాన్. షాపు మెట్ల ముందు సైకిలాపి రెండుసార్లు గంట కొట్టడం ఆయన అలవాటు. ఇప్పుడే కొట్టాడు, ఇప్పుడే ఇచ్చాడు, పక్కవీధికి కూడా వెళ్లుండడు. కాజాల అక్కకు మొదట ఆ మాట నచ్చలేదు. రెండు నిమిషాలు పోయాక నచ్చింది. కోపం వచ్చినప్పుడు కోప్పడ్డానికి మనిషి కావాలి. రేడియో ఒక మనిషిని చేతికిచ్చింది.

భోజనాల వేళకు ఇద్దరూ పోస్టాఫీసులో ఉన్నారు.

పోస్టుమాస్టరు కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని కవరు చూశాడు. ముందు దాని అందం చూశాడు, తర్వాత సగం ముద్ర చూశాడు. "పనితనం బాగుంది," అన్నాడు.

"దాని పనితనం సంగతి తర్వాత సార్, వీళ్ల పనితనం సంగతి చూడండి," అంది రేడియో.

ఆయన సొరుగులోంచి ఒక ఫారం తీసి బల్ల మీద పెట్టాడు. ఏ రోజు అందింది, ఏం పోయింది, ఎవరు తెచ్చారు. కాజాల అక్క గబగబా రాసింది. కింద ఇంకో గీత ఉంది: ఎవరి మీద అనుమానం? అక్కడ కలం ఆగింది. ఆగడానికి కారణం జాలి కాదు. ఆయన పేరేంటో తెలియదు. నాలుగేళ్లుగా ఆయన చేతి కవర్లు అందుకుంటోంది, పేరు ఎప్పుడూ అడగలేదు.

"మా వీధికొచ్చే గంటాయన," అంది.

పోస్టుమాస్టరు కళ్లద్దాలు ముక్కు మీదికి దింపాడు. "చూడమ్మా. అతను పదకొండేళ్లుగా టెంపరరీ. ఈసారి పర్మనెంటు లిస్టులో పేరుంది. శుక్రవారం లిస్టు పైకి వెళ్తుంది. ఈ కాగితం ఉంటే ఆ పేరు వెళ్లదు. ఒకటికి రెండుసార్లు ఆలోచించుకో."

"అయితే ఏంటండీ? పర్మనెంటు అయితే పర్మనెంటుగా పీకుతాడా?" అంది రేడియో.

వెనక వరసలో నిలబడ్డ ఇద్దరు నవ్వారు. ఆ నవ్వు పనిచేసింది. నలుగురిలో ఇంతదాకా వచ్చి వెనక్కి తగ్గితే ఎలా ఉంటుంది? కాజాల అక్క 'గంటాయన' అని రాసి, కింద సంతకం పెట్టింది. పోస్టుమాస్టరు ఆ మాట పక్కనే అసలు పేరు తనే రాసుకున్నాడు. "సాక్ష్యం కింద కవరు ఇక్కడే ఉండాలి," అని దాన్ని ఫారానికి కలిపి పిన్ను కొట్టాడు. రైలు ఇంజను మీదుగా దిగింది పిన్ను. అప్పుడు ఆమెకు మూత ఇంకా విప్పనే లేదని గుర్తొచ్చింది. ఉండనీ, తర్వాత తెచ్చుకోవచ్చులే అనుకుంది.

సాయంత్రం ఇంట్లో సూది పట్టుకుని కూర్చుంది. నీలం సిరాకు పంపాల్సిన రెండో కవరు సగంలో ఉంది. ఆమె బొమ్మలు గీయదు, కుడుతుంది. కాగితాన్ని ముందు ఖాళీ సూదితో పొడుచుకోవాలి, వెనక పల్చటి కాగితం అంటించుకోవాలి, ఒంటిపోగు దారం మైనం రుద్ది, పొడిచిన చిల్లుల్లోంచే తీసుకెళ్లాలి. గుడ్డను లాగినట్టు లాగితే కాగితం కోసుకుపోతుంది. ఆ సాయంత్రం అదే జరిగింది. ఆకు దగ్గర సర్రుమని తెగింది.

"ఎవరి మీద కోపమో కాగితం మీద చూపించకు," అంది అత్తగారు మంచం మీద నుంచి. ఆవిడకు ఎనభై దగ్గర పడుతున్నాయి. కాళ్లు మాట వినవు, నోరు మాత్రం ఇంట్లో అందరికంటే ముందు నడుస్తుంది. సంగతంతా విని, "పోస్టాయన తీయడం నువ్వు చూశావా?" అని అడిగింది.

"చూడక్కర్లేదత్తయ్యా. ముద్రే చెప్తోంది."

"ముద్ర నోటితో చెప్పిందా, నీ నోటితో చెప్పించావా?"

"మీకు స్టాంపుల విలువ తెలీదు."

"తెలీదులే. ఉమ్మి తడిచేసి కాగితాల మీద అంటించే వాటి విలువ నాకెక్కడ తెలుస్తుంది? కానీ నోరు జారితే కాస్త సర్దుకోవచ్చమ్మాయ్. కాగితం మీద జారితే సర్దుకోలేం."

కాజాల అక్క దీపం కట్టేసి పడుకుంది. అలా పడుకుంటే మాటలు ఆగుతాయని ఆశ. ఆవిడ చీకట్లో ఇంకో పది నిమిషాలు మాట్లాడింది.

మంగళవారం పదకొండుకు షాపు ముందు గంట రెండుసార్లు మోగింది.

షాపులో అందరూ తలెత్తారు. మిషన్లు ఒక్కసారిగా ఆగాయి. గంటాయన సైకిలు స్టాండు వేసి మెట్లెక్కాడు. ఎప్పటిలా కవరు చెయ్యి చాచి ఇవ్వలేదు. రెండు అట్టముక్కల మధ్య పెట్టి, ఎడమచేతి బొటనవేలు లోపలికి దూర్చి, దేన్నో నొక్కి పట్టుకుని ఉన్నాడు. ఆయనకు ఇంకా ఏ సంగతీ తెలియదని ఆ ముఖం చూస్తేనే తెలుస్తోంది.

"చెయ్యి పట్టండమ్మా. మెల్లిగా. ఇది ఊడబోతోంది. సార్టింగు బల్ల మీద చూశాను, వేలాడుతోంది. జిగురు వేద్దామనుకున్నాను గానీ, మీ కవర్ల సంగతి తెలుసు కదా, మరక పడితే మీరు బాధపడతారు. అందుకే ఇట్లా నొక్కి పట్టుకుని వచ్చేశాను." బొటనవేలు తీసి ఆడించుకున్నాడు. "వేలు తిమ్మిరెక్కింది," అని నవ్వాడు.

రంగులరాట్నం స్టాంపు. ఒక్క మూల మీద నిలబడి, ఫ్యాను గాలికి లేస్తూ పడుతూ ఉంది. దాని కింద కాగితం మీద జిగురు అన్నది ఆ మూలన మెంతిగింజంత. మిగతాదంతా పొడి.

ఆయన దిగి సైకిలెక్కాడు. మలుపు తిరిగేదాకా ఆగి రేడియో చప్పట్లు కొట్టింది. "చూశావా! నిన్న కంప్లైంటు పెట్టాం, ఇవాళ స్టాంపు వేలుతో నొక్కి పట్టుకుని మరీ తెస్తున్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే!"

అందరూ నవ్వారు, మాస్టారు కూడా. కాజాల అక్క నవ్వలేదు. కవరు బల్ల మీద గుడ్డ కింద పెట్టి సూదిలో దారం ఎక్కించింది. మూడుసార్లు తప్పింది. ఆ రోజు ఎనిమిది కాజాలు కుట్టాల్సిన వేళకు మూడు కుట్టింది. తేలుకుట్టిన దొంగలా కూర్చుంది, ఎవరితో చెప్పుకోవడానికి లేదు.

ఇంటికి రాగానే చెప్పులు విప్పకుండా నీళ్లు పొయ్యి మీద పెట్టింది. ఆవిరి మీద మూత పట్టింది. తొందరకు చెయ్యి కాలింది. మూత లేచింది. లోపల నీలం సిరాతో మూడు వరసలు.

'మొదటి కవరు మూతలో చెప్పినట్టే ఇదీ ఒక్క మూలే అంటించాను. మీరన్నది నిజం, నీళ్లలో నానబెడితే నా బొమ్మ కరగడం నాకూ బాధే. వేలితో ఎత్తితే ఊడొస్తుంది. క్షేమంగా చేరిందా?'

మీరన్నది నిజం. అన్నది తనే. నెల కిందట తను పంపిన కవరు మూతలో, వంకర అక్షరాలతో, తన చేత్తో రాసింది. కిందటేడు మీ స్టాంపు తీయడానికి నానబెడితే పక్కనున్న పిట్టలు కరిగిపోయాయి, ఈసారి తేలిగ్గా ఊడొచ్చేలా అంటించండి అని. అడిగింది, అవతలివాళ్లు మాట మన్నించారు, అది తేలిగ్గా ఊడింది. ఎక్కడో ఏ సంచిలోనో, ఏ మిషను పళ్లలోనో. దొంగా లేడు, దొరా లేడు.

"ఏమైంది? పాము కరిచినట్టు నిలబడ్డావేం?" అంది అత్తగారు.

చెప్పింది. అత్తగారు ఒక్కసారి కూడా నేను చెప్పలేదా అనలేదు. అంటే బాగుండేది.

"అక్కడ రెండు ముక్కలు రాశావు, ఇక్కడ నాలుగు ముక్కలు రాశావు," అంది చివరికి. "నీకు రాతలు అచ్చిరాలేదమ్మాయ్. రేపు పొద్దున్నే పోయి, నోటితో చెప్పిరా."

రేపు పొద్దున్నే పోవడం కుదరలేదు. బుధవారం తెల్లారేసరికి బ్యాండువాళ్ల చొక్కాలు వచ్చి పడ్డాయి. పన్నెండు చొక్కాలు, ఒక్కోదానికి ఆరు కాజాలు, సాయంత్రానికి ఇవ్వాలి. "ఒక్క గంట మాస్టారూ," అని అడిగింది. "ఒక్క గంటేనమ్మా? అయితే సాయంత్రం తర్వాత తీసుకో, రెండు గంటలు తీసుకో," అన్నాడాయన. షాపుకు కాజాల మిషను లేదు, ఆమే కాజాల మిషను. సాయంత్రానికి పోస్టాఫీసు తలుపులు మూస్తారు.

సుద్దతో గీత, బ్లేడుతో కోత, కోసిన అంచుకు రెండు వైపులా పట్టుదారం, దాని మీద ముడి పక్కన ముడి. చేతులు వాటంతటవే చేసే పని. అదే వచ్చిన చిక్కు. చేతులకు పనుంటే బుర్ర ఖాళీగా ఉండి తిరుగుతుంది. పదకొండేళ్లు అన్నాడు పోస్టుమాస్టరు. తను ఈ షాపులో పన్నెండు. ఈ పన్నెండేళ్లలో ఎవరైనా వచ్చి, కాజాల అక్క గుండీలు దొంగిలించింది అని ఒక కాగితం రాసుంటే? మాస్టారు తన ముఖం చూసేవాడా, కాగితం చూసేవాడా? అలా అనుకుంటూ బ్లేడు లాగింది. గీత దాటి గుండీల పట్టీ చివరిదాకా కోసుకుపోయింది.

"అమ్మా!" అన్నాడు మాస్టారు. పన్నెండేళ్లలో ఆమె గుడ్డ పాడుచేయడం ఇదే మొదలు.

పదకొండయింది. పదకొండున్నర అయింది. గంట మోగలేదు. పన్నెండుకు ఎవరో కుర్ర పోస్టుమాన్ వచ్చి, పేరు గట్టిగా అరిచి, షాపు కరెంటు బిల్లు మెట్ల మీద విసిరి పోబోయాడు.

"మీ గంటాయన రాలేదేం?" అని అడిగింది రేడియో.

"లోపల కూర్చోబెట్టారు. ఏదో ఎంక్వైరీ అంట. స్టాంపులు పీకాడంట."

"స్టాంపు! ఒక్కటే!" కాజాల అక్క నోటినుంచి వచ్చింది. కుర్రవాడు వినిపించుకోకుండా వెళ్లిపోయాడు. చివరి చొక్కా చివరి కాజా ముడి వేసేసరికి వీధి దీపాలు వెలిగాయి.

గురువారం పోస్టాఫీసు తెరవకముందే వెనక గేటు దగ్గరికి చేరింది. చేతిసంచిలో రెండో కవరు ఉంది. మూత విప్పి, నీలం సిరా రాసిన ముక్కలు పైకి కనిపించేలా మడిచి పెట్టుకుంది. చూపిస్తుంది. తప్పు నాదేనని రాసిస్తుంది. రేపు కదా లిస్టు వెళ్లేది, ఇంకా ఒక రోజుంది. దారంతా ఇదే అనుకుంటూ వచ్చింది కాబట్టి కాస్త ధైర్యం కూడా వచ్చింది.

గంటాయన వెనక వసారాలో సైకిలు గొలుసుకు నూనె వేస్తున్నాడు. ఆమెను చూసి లేచాడు. నవ్వలేదు, ముఖం తిప్పుకోలేదు కూడా.

"దొంగతనం అని రాశారంటమ్మా."

"అనుమానం అని రాశాను."

"మాకు రెండూ ఒకటేనమ్మా."

ఆమె సంచిలోంచి కవరు తీసింది. మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. నీళ్లలో నానబెట్టడం, బొమ్మ కరగడం, ఊడొచ్చేలా అంటించమనడం, మొదటి కవరు మూత విప్పకుండానే ఇచ్చేయడం, అన్నీ చెప్పింది. ఆయన నూనె చేతులు వెనక్కి పెట్టుకుని, కవరు తాకకుండా, వంగి ఆ మూడు వరసలూ చదివాడు.

"ఇప్పుడు లోపలికెళ్లి ఏం చెప్తారు?"

"ఇదే చెప్తాను. మీ తప్పేం లేదని చెప్తాను."

"వద్దమ్మా."

"వద్దా?"

"నిన్న సారు కూర్చోబెట్టి చెప్పాడు. మంచోడే, నా మంచికే చెప్పాడు. కాదంటే ఎంక్వైరీ పైకి పోతుంది. తేలేదాకా లిస్టులో పేరుండదు. అజాగ్రత్త వల్ల పోయిందని ఒప్పుకుంటే ఒక హెచ్చరికతో సరి, ఫైలు ఇక్కడే మూసేస్తాను, పేరు వెళ్తుంది అన్నాడు. నా సంచిలో తడిసి ఊడిపోయిందని రాసిచ్చేశాను."

"తడవడానికి వానెక్కడుంది? నెల్లాళ్లయింది చుక్క పడి!"

"మంచినీళ్ల సీసా కారిందని రాశానమ్మా."

చెప్పి, తనకే నవ్వొచ్చినట్టుంది, పెదవి బిగబట్టాడు. కాజాల అక్కకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"చెయ్యని తప్పు ఎలా ఒప్పుకున్నారండీ?"

"చేశానని మీరు రాశారు కదమ్మా. మీది సంతకం పెట్టిన కాగితం. నాది ఉత్త నోరు." గొలుసు ఒకసారి తిప్పి చూశాడు. "ఇప్పుడు మీరెళ్లి అది కాదన్నారనుకోండి, నేను రాసింది అబద్ధమైపోతుంది. అబద్ధం రాసిచ్చినవాడికి ఉద్యోగం ఎవరిస్తారు? ఫైలు మళ్లీ తెరుస్తారు. శుక్రవారం కాస్తా పోతుంది. మా అమ్మాయికి కూడా చెప్పేశాను, ఈసారి వచ్చేసిందని. మీ నిజం మీ దగ్గరుంచుకోండమ్మా. మీకు పుణ్యముంటుంది."

గేటు లోపలి నుంచి పోస్టుమాస్టరు పిలిచాడు. "వచ్చావా అమ్మా? మంచిదైంది. నేనే కబురు పెడదామనుకుంటున్నాను."

ఆయన బల్ల మీద ఫైలు తెరిచి ఉంది. మొదటి కవరు పిన్నుతో అలాగే ఉంది. దాని కింద గంటాయన చేతిరాత, గుండ్రటి అక్షరాలు, నీళ్ల సీసా సంగతి. దాని కింద ఇంకో ఫారం.

"తప్పు ఒప్పుకున్నాడు. హెచ్చరించాం. ఇక్కడ నువ్వు సంతకం పెడితే ఫైలు మూసేయొచ్చు." ఆయన వేలు పెట్టిన చోట అచ్చులో ఒక వరస ఉంది: ఫిర్యాదుదారు పూర్తిగా తృప్తి చెందారు.

ఆమె ఆ వరస చదివింది. మళ్లీ చదివింది.

పోస్టుమాస్టరు ఈలోపు కవరు అటూ ఇటూ తిప్పి చూశాడు. మూత అంచు వెంబడి గోరు పోనిచ్చాడు. "దీన్ని ఎవరూ విప్పనే లేదే. లోపలేమన్నా ఉందేమో చూసి ఇవ్వనా?"

వసారాలో సైకిలు గొలుసు చప్పుడు ఆగింది.

"ఏం లేదండీ," అంది కాజాల అక్క. "మేం లోపల ఏమీ పెట్టం. ఖాళీ."

"మరి తీసుకెళ్తావా?"

"వద్దండీ. ఫైల్లోనే ఉంచేయండి."

అది నీలం సిరా ఈ ఏడాది పంపిన మొదటి కవరు. దాని మూతలో ఏం రాసుందో ఆమె ఇక ఎప్పటికీ చదవదు. కలం తీసుకుని, పూర్తిగా తృప్తి చెందారు అన్న చోట సంతకం పెట్టింది. వంకర పోకుండా, కుదురుగా పెట్టింది. బయటికొచ్చేటప్పుడు వసారా వైపు చూసే ధైర్యం లేక ముందు తలుపులోంచి వచ్చేసింది.

శనివారం పదకొండుకు గంట మోగింది, రెండుసార్లు. వీధిలో అప్పటికే వార్త వచ్చేసింది, నిన్న లిస్టు వెళ్లింది, పేరు ఉంది. కాజాల అక్క పొద్దుటినుంచీ ఆ గంట కోసమే చూస్తోంది. ఇక అంతా సర్దుకున్నట్టే కదా అని తనకు తాను నాలుగైదుసార్లు చెప్పుకుంది.

గంటాయన మెట్లెక్కాడు. చేతిలో పొడుగాటి ఖాకీ కవరు, మీద సర్కారు ముద్ర.

"మీకేనమ్మా. సంతకం పెట్టాలి." చిన్న పుస్తకం తెరిచి పట్టుకున్నాడు. ఆమె పెట్టింది. ఆయన వెళ్లలేదు. "ఒకసారి చూసుకోండి."

"ఏం చూసుకోవాలి?"

"కవరు బాగుందో లేదో. స్టాంపు ఉందో లేదో. చూసుకుని తీసుకోండమ్మా, మళ్లీ మాటొద్దు."

"అక్కర్లేదండీ."

ఆయన నిలబడే ఉన్నాడు. ఆమె కవరు చూసింది. ముందు చూసింది, వెనక చూసింది. అప్పుడు ఆయన పుస్తకం మూశాడు.

రేడియో మిషను వదిలి వచ్చి ఖాకీ కవరు లాక్కుంది. చింపింది. ఆవిరీ లేదు, గీవిరీ లేదు. షాపంతటికీ వినిపించేలా చదివింది. "తమరు చేసిన ఫిర్యాదు విచారించడమైనది. సంబంధిత ఉద్యోగి తన అజాగ్రత్తను అంగీకరించినందున హెచ్చరించడమైనది. అక్కా, గెలిచావు!" అని, మెట్ల దగ్గరున్న గంటాయన వైపు తిరిగింది. "ఏమయ్యా, నీ గురించే రాసింది నువ్వే మోసుకొచ్చావా? ఇకనైనా చేతులు దగ్గర పెట్టుకో."

"అలాగేనమ్మా," అన్నాడు గంటాయన.

కాజాల అక్క లేచింది. ఒళ్లోని చొక్కా కింద పడింది. "ఆయన తీయలేదు. నేనే ఊడొచ్చేలా అంటించమని రాశాను. స్టాంపు దానంతటది ఊడిపోయింది. ఆయనకేం తెలీదు. తప్పు నాది."

గంటాయన ముఖం పాలిపోయింది. ఆయన అంతలా భయపడ్డం ఆమె ఎప్పుడూ చూడలేదు. కానీ భయపడాల్సిన పని లేకపోయింది. రేడియో పకపకా నవ్వింది.

"మా అక్క మనసు వెన్న! గెలిచాక జాలి పుట్టుకొచ్చింది. అక్కా, ఆయనే ఒప్పుకుంటే నువ్వు కాదంటావేంటి? కాగితం మీద ఉంది కదా!"

"ఒప్పుకున్నాక ఇంకేముందమ్మా," అన్నాడు మాస్టారు టేపుతో గుడ్డ కొలుస్తూ. "పోనీలే పాపం అనుకోవడం మంచిదే. అయినా ఆ కాగితం దాచుకో. ఎప్పుడైనా పనికొస్తుంది."

"నేను చెప్పేది వినండి..."

"వెళ్లొస్తానమ్మా," అన్నాడు గంటాయన, ఆమె మాట మధ్యలోనే. "వీధి చాలా ఉంది."

ఆయన సైకిలు తోసుకుంటూ పక్కనున్న గడియారాల కొట్టు ముందు ఆగాడు. గంట రెండుసార్లు కొట్టాడు. కొట్టు యజమాని బయటికొచ్చి ఉత్తరాలు అందుకున్నాడు. రోజూ అయితే అందుకున్నవి అందుకున్నట్టే లోపలికి వెళ్లిపోయేవాడు. ఇవాళ వెళ్లలేదు.

"ఉండు, ఉండు. చూసుకోనీ," అన్నాడు. ఒక్కొక్క కవరూ ఎత్తి, కుడివైపు పైమూల వేలితో తడిమి చూస్తున్నాడు.

గంటాయన సైకిలు పట్టుకుని, ఆయన చూడ్డం అయ్యేదాకా నిలబడ్డాడు. ఆ తర్వాతి గుమ్మం ముందు చీపురు పట్టుకున్నావిడ కూడా చీపురు గోడకు ఆనించి, చేతులు తుడుచుకుని, తన వంతు కోసం సిద్ధంగా నిలబడింది.